ఇద్దరూ ఒకేసారి

గొడవపడ్డ మనుషులకి రాజీపడడం నేర్పుతామంటూ రాజమండ్రి నుంచి ఎవరో వస్తున్నారని తెలిసినప్పుడు మొగలిపాలెం ఊరు ఊరంతా నవ్వుకుంది. గొడవపడడం ఎలాగో కావాలంటే మేమే వాళ్ళకి నేర్పి పంపుతాం అని రేవులో మగాళ్ళు పరాచికాలాడారు. వాళ్ళ మాటల్లో అబద్ధమేం లేదు. సముద్రంలో కలిసే ఆ ఉప్పుకాలవ మీద వల కట్టే తావుల కోసం తాతల నాటి నుంచీ తగువులే. కిందటేడు పడవలు తోసే గెడ కర్రలు లేచి ఒకడి చెయ్యి విరిగింది. సగం ఊరు పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చుని, వేటకి పోకుండా పస్తులుంది. ఆ సంగతి ఎవరి చెవినో పడి, ఈ ఆదివారపు తరగతులు ఊళ్ళోకి వచ్చాయి.

తుఫాను షెల్టర్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని గోడకి ఫ్లెక్సీ కట్టారు. నేర్పేవాళ్ళకి జీతం లేదు, బత్తెం లేదు. అందరిలోకీ పెద్దావిడ సత్యవాణి గారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. బస్సు దిగి, ఆటో ఎక్కి, చేతిలో తన స్టీలు మంచినీళ్ళ సీసాతో వచ్చేవారు. అంత దూరం నుంచి వచ్చి ఉప్పుగాలికి చెమటలు కక్కుతూ కూడా విసుక్కోని మనిషిని మొగలిపాలెం అంతవరకూ చూసి ఎరగదు. మగాళ్ళు రాలేదు. ఆడాళ్ళు వచ్చారు, పులిహోర పొట్లాల కోసం.

లోవలక్ష్మి కూడా అందుకే వెళ్ళింది, దాపరికమెందుకు. తమ్ముడి వలలో పడ్డ చేపలు సత్తు బేసినులో వేసుకుని నరసాపురం వీధుల్లో అమ్ముకొచ్చే మనిషి. మొగుడు కాకినాడలో పెద్ద బోటు మీద పనిలో ఉన్నాడు, వచ్చినప్పుడు వస్తాడు. పిల్లల్లేరు. తల్లి పోయేనాటికి తమ్ముడు దుర్గాసాయి పాకుతున్నాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే, వాడికి హేమశ్రీని తెచ్చి పెళ్ళి చేసిందీ తనే. లోవలక్ష్మి లోకమంతా కలిపి చూస్తే ఆ తమ్ముడొక్కడే.

పులిహోర కోసం వెళ్ళింది గానీ, రెండో వారానికే ఆవిడకి ఆ చదువు రుచి తగిలింది. ఎదుటివాడు అన్నమాటకి బదులు చెప్పేముందు, వాడన్నది వాడికే ఒకసారి తిరిగి చెప్పమన్నారు సత్యవాణి గారు. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని మాట్లాడమన్నారు. పక్కన కూర్చుంటే ఇద్దరి కళ్ళూ ఒకే వైపు చూస్తాయి, తగువు ఎదురుగా ఉంటుంది, మనిషి పక్కనుంటాడు అన్నారు. లోవలక్ష్మి ఆ విద్యని మర్నాడే నరసాపురంలో ప్రయోగించింది. చేప మెత్తబడిందని దులిపేస్తున్న ఒక ఇల్లాలితో, "అంటే చేప మెత్తగా ఉందని మీకు అనుమానమొచ్చిందండి, ఇంట్లో పిల్లలు తింటారు కదాని భయమేసిందండి" అంది. ఆ ఇల్లాలు నోరు తెరిచి, మూసి, చేప తీసుకుని లోపలికి పోయింది. లోవలక్ష్మి ఆటోలో ఇంటికొస్తూ దారి పొడుగునా తనలో తనే నవ్వుకుంది.

తరగతిలో ఆవిడకి జతగా కూర్చునేది నాగదుర్గ. కాలవలో దుర్గాసాయి తావు పక్కనే వల కట్టే వెంకన్న పెళ్ళాం. వరసకి చెల్లెలవుతుంది. అత్తగారు పాపాయమ్మ పెట్టే ఆరళ్ళ నడుమ ఆదివారం ఒక్కపూటే ఆ పిల్లకి ఊపిరి. "అక్కా, ఇంట్లో నేనేమన్నానో తిరిగి నాకు చెప్పే దిక్కే లేదే" అని ఒకసారి నవ్వుతూ అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి లోవలక్ష్మికి ఆ పిల్లంటే ప్రాణం.

ఇలా ఉండగా వరదలొచ్చాయి. వరద తీసేసరికి కాలవలో దుర్గాసాయి తావు దగ్గర ఇసక మేట వేసింది. ఉగాదికి చీట్లు వేసి ఎవరి తావు వాళ్ళకి పంచుతారు, ఏడాదంతా అక్కడే కర్రలు పాతి వల కట్టుకోవాలి. మేట మీద వల కడితే పీతలు కూడా నవ్విపోతాయి. దుర్గాసాయి కర్రలు పీకి కొంచెం సముద్రం వైపు జరిగాడు. ఆ జరిగిన చోటు వెంకన్న తావుకి ముందు పడింది. సముద్రం పోటు మీద వచ్చే రొయ్య ముందు దుర్గాసాయి వలలో పడి, మిగిలింది వెంకన్నకి వెళ్ళడం మొదలైంది. వెంకన్న అడిగాడు. దుర్గాసాయి మేట చూపించాడు. మాటా మాటా పెరిగింది. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే ఇద్దరి వలలూ నిలువునా కోసి ఉన్నాయి.

మొగలిపాలెంలో మనిషిని కొడితే క్షమిస్తారు. తాగి తిడితే మర్చిపోతారు. వల కోసినవాణ్ణి మాత్రం పక్కన కూర్చోనివ్వరు. నువ్వు కోశావంటే నువ్వు కోశావని ఇద్దరూ అమ్మవారి మీద ఒట్లేసుకున్నారు. రెండు వలలూ కోసింది మూడోవాడెవడో అయ్యుండొచ్చని ఎవరికీ తట్టలేదు. తట్టినా అనలేదు, అంటే తగువు చప్పబడిపోతుందిగా. ఆ మధ్యాహ్నం తమ్ముడి పడవలో గోనె కింద లోవలక్ష్మికి కొత్త కత్తి కనపడింది. కత్తి తీసి కొంగులో చుట్టి తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. ఒక కత్తి దాస్తే ఇంకో కత్తి దొరకదా?

కులపెద్ద బుల్లియ్య వచ్చే శుక్రవారం అమ్మవారి గుడి ముందు తగువు పెడతానని చెప్పాడు. అక్కడ పద్ధతి ఒకటుంది. గుడి ముందు ఇసకలో వల తాడు ఒకటి పొడుగ్గా పరుస్తారు. ఒకవైపు ఒకడు, రెండోవైపు రెండోవాడు కూర్చోవాలి. ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఎవడు ముందు లేచి తాడు దాటి అవతలికి వెళ్ళాడో, వాడు తప్పు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఇంక మాటల్లేవు. పొద్దుగూకేదాకా ఎవరూ దాటకపోతే తగువు వచ్చే నెలకి వాయిదా, అందాకా ఎవరి తావు వారిది. అందుకని అందరూ బెల్లంకొట్టిన రాళ్ళలా కూర్చుని లేచి వెళ్ళిపోయేవారు. వెళ్ళి కాలవ దగ్గర తన్నుకునేవారు.

ఆ తాడు సంగతి తలుచుకుంటూ చేపల బేసిను ముందు కూర్చున్న లోవలక్ష్మికి ఉన్నట్టుండి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇద్దరూ ఒకేసారి దాటితే? అప్పుడు ఎవడు ముందు? ఎవడూ కాదు. ఎవడిదీ తప్పు కాదు. ఇద్దరూ దాటి, తాడు మీదే పక్కపక్కన కూర్చుని, మేట వైపు చూస్తూ మాట్లాడుకుంటే?

ఆదివారం ఈ మాట వినగానే సత్యవాణి గారు కుర్చీలోంచి లేచి లోవలక్ష్మి రెండు చేతులూ పట్టేసుకున్నారు.

"ఇన్నాళ్ళూ నేను మీకు నేర్పుతున్నాననుకున్నానండి లోవలక్ష్మి గారూ. మీ పద్ధతిలోంచి మీరే దారి తీశారు. ఇది నేను రాజమండ్రిలో అందరికీ చెప్పాలి."

పొగడ్త ఎవరికి చేదు? చదువుకోని మనిషి, చేపల బేసిను మోసిన మనిషి, ఆ పూట గాలిలో నడిచింది. అక్కడితో ఆగకుండా నాగదుర్గ చేత వెంకన్నని పిలిపించింది, తమ్ముణ్ణి తనే రెక్క పట్టుకు లాక్కొచ్చింది. షెల్టర్ హాల్లో తాడు పరిచారు. మొదట ఇద్దరూ మొహాలు గంటు పెట్టుకు కూర్చున్నారు. "నేను దగ్గుతాను, దగ్గగానే ఇద్దరూ లేవాలి, ఒకేసారి కుడికాలు" అంది లోవలక్ష్మి. దగ్గింది. ఇద్దరూ లేచారు, ఒకేసారి వంగి దాటబోయి తలలు రెండూ ఠపీమని గుద్దుకున్నారు.

"ఏంటి బావా, ఇక్కడ కూడా నీ ముందుకే వచ్చానా?" అన్నాడు దుర్గాసాయి నుదురు రుద్దుకుంటూ.

వెంకన్న నవ్వాపుకోలేకపోయాడు. "తావు నీది, తల నాదిరా. ఇంకోసారి దగ్గు వదినా, ఈసారి సరిగ్గా లేస్తాం."

మళ్ళీ దాటారు. మళ్ళీ మళ్ళీ దాటారు. తాడు మీద పక్కపక్కన కూర్చుని, మేట తవ్వించాలంటే ఇద్దరం కలిసి పంచాయతీకి వెళ్దామా అన్నదాకా వచ్చారు. నాగదుర్గ కిటికీ దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఈ కథలో అందరూ నవ్విన పూట ఏదైనా ఉందంటే అదొక్కటే.

శుక్రవారం సాయంత్రం గుడి ముందు ఇసకలో తాడు పరిచారు. మగాళ్ళు కూర్చున్నారు. ఆడాళ్ళకి అక్కడ నోరు లేదు, వెనకాల నిలబడాలి. బుల్లియ్య వెంకన్నని అడిగాడు, దుర్గాసాయిని అడిగాడు. ఇద్దరూ అనుకున్న ప్రకారం తిట్లు లేకుండా చెప్పారు. ఇదేంటి ఈ రోజు తగువు ఇంత చప్పగా ఉంది అన్నట్టు జనం మొహాలు చూసుకున్నారు. ఇదే అదననుకుంది లోవలక్ష్మి. దగ్గింది.

దుర్గాసాయి లేచాడు. వెంకన్న కూడా లేచాడు, లేవలేదని అనకూడదు. మోకాళ్ళ మీదికి లేచాడు.

"వెంకన్నా" అంది వెనక నుంచి పాపాయమ్మ. అంతే. కొడుకు పేరు తప్ప ఇంకొక్క మాట కూడా అనలేదు.

వెంకన్న కూర్చుండిపోయాడు.

దుర్గాసాయి కుడికాలు అప్పటికే తాడుకి అవతల ఉంది. కాలు వెనక్కి తీసుకోవచ్చని వాడికి తోచలేదు. బావ ఏదో సర్దుకుని లేస్తాడనే అనుకున్నాడు కాబోలు, రెండో కాలు కూడా వేసేశాడు. వేసి, వెంకన్న పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. కూర్చుని, సత్యవాణి గారు చెప్పినట్టే, తను కూడా వెంకన్న చూస్తున్న వైపే చూశాడు. వెంకన్న ఇసక వైపు చూస్తున్నాడు.

బుల్లియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అయిపోయింది" అన్నాడు.

అప్పుడు లోవలక్ష్మి ఊరి కట్టు కాదని, తాడు దాకా పరిగెత్తుకొచ్చి అరిచింది. "కాదు పెదనాన్నా! ఇద్దరూ ఒకేసారి దాటాలనుకున్నారు. ఆదివారం అనుకున్నారు. వెంకన్న మాటిచ్చాడు. నాగదుర్గని అడగండి, అది అక్కడే ఉంది. అడగండి!"

బుల్లియ్య చెడ్డవాడు కాదు. ఆడదాన్ని అడిగే ఆచారం లేకపోయినా అడిగాడు. "ఏమ్మా, అలా అనుకున్నారా?"

నాగదుర్గ అత్తగారి వైపు చూసింది. మొగుడి వంగిన వీపు వైపు చూసింది. లోవలక్ష్మి వైపు చూడలేదు.

"నేను పులిహోర కోసం వెళ్తానండి. నాకేం తెలీదండి."

మూడేళ్ళపాటు కాలవలో దుర్గాసాయికి తావు లేదన్నారు. అదొక్కటే అయితే గంజి తాగైనా బతకొచ్చు. తాడు దాటాడు గనక వెంకన్న వల కోసింది వాడేనని తేలిపోయింది. తన వల తనే కోసుకుని నాటకమాడాడని కూడా తేలిపోయింది. వల కోసినవాణ్ణి పడవలోకి ఎవరెక్కించుకుంటారు? రేవులో వాడు వస్తుంటే జనం మాటలు ఆపేవారు. హేమశ్రీ పిల్లాణ్ణి ఎత్తుకుని పుట్టింటికి పోయింది, పోతూ పోతూ ఆడపడుచు గుమ్మం వైపు చూడను కూడా లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది మనం ఎవరెవరి గురించో అనుకునే మాట. అది తన ఇంటికే వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో లోవలక్ష్మికి తెలిసింది.

భీమవరం అవతల ఎవరివో రొయ్యల చెరువుల మీద కాపలా పని దొరికింది దుర్గాసాయికి. చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో ఉండాలి. వెళ్ళే రోజు పొద్దున్న లోవలక్ష్మి చేపల పులుసు, అన్నం క్యారేజీలో సర్ది ఆటో దాకా వెళ్ళింది. వాడు కోప్పడితే బాగుండునని ఆవిడ కోరిక. కోప్పడితే వాడన్నది వాడికే తిరిగి చెప్పి, ఏడ్చి, కాళ్ళు పట్టుకోవచ్చు. వాడు కోప్పడలేదు.

"ఆ కత్తి ఏం చేశావక్కా?" అన్నాడు.

"బియ్యం డబ్బాలో ఉందిరా."

"అది తీయకుండా ఉండాల్సింది. వాడికో పోటు, నాకో పోటు పడేది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేసేవారు. కేసవుతుంది, నాలుగు నెలలు తిరిగితే రాజీ అవుతుంది. తావు ఉండేది. ఊళ్ళో మనిషిలా ఉండేవాణ్ణి." క్యారేజీ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీ తప్పేం లేదులే. నువ్వు మంచికే చెప్పావు."

ఆ చివరి మాట కత్తి కంటే లోతుగా దిగింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.

సత్యవాణి గారికి జరిగింది చెప్పినప్పుడు ఆవిడ మొహం తెల్లబోయింది. అప్పటికప్పుడు బుల్లియ్య ఇంటికి వెళ్ళారు. బుల్లియ్య కుర్చీ తుడిచి వేశాడు, బొండం కొట్టించి ఇచ్చాడు, చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. "మీరు చెప్పింది సత్యమేనండి. మీలాంటి పెద్దలు మా ఊరు రావడమే మా అదృష్టమండి. కానీ తాడు దాటాడు కదండి. ఇక ముందు ఇలాంటివి జరక్కుండా చూద్దామండి" అన్నాడు. గోదావరి జిల్లాలో మర్యాద కూడా ఒక గోడే. ఎంత తోసినా కదలదు, తోసినవాళ్ళ చేతికి గీత కూడా పడదు. తిరిగొచ్చి సత్యవాణి గారు షెల్టర్ మెట్ల మీద లోవలక్ష్మి పక్కన కూర్చున్నారు. తర్వాత, తనకి తాను చెప్పుకుంటున్నట్టు, "కనీసం రక్తం చిందలేదు" అన్నారు. అన్నాక లోవలక్ష్మి మొహం చూసి, అనకుండా ఉండాల్సిందని ఆవిడకే అనిపించినట్టుంది. సీసా అక్కడే మర్చిపోయి ఆటో ఎక్కేశారు.

చివరి ఆదివారం ఆవిడ రాలేదు. ఒంట్లో బాగాలేదట. ఆవిడ బదులు ఉదయ్‌కుమార్ అనే కుర్ర మాస్టారు వచ్చి, లోవలక్ష్మి ఇల్లు వెతుక్కుంటూ గుమ్మంలోకే వచ్చాడు.

"మీరు రాకపోతే ఎలాగండి? చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. మీ తాడు ఆట ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ నేర్పుతున్నామండి. లోవలక్ష్మి గారి తాడు అనే పేరు పెట్టేశాం!"

ఆ అబ్బాయికి ఏం తెలుసు పాపం. సత్యవాణి గారు మొదట సంబరంగా చెప్పింది విన్నాడు, తర్వాత జరిగింది ఆవిడ చెప్పలేకపోయారు. లోవలక్ష్మి వెళ్ళకుండా ఉండాల్సింది. కానీ నాగదుర్గ వస్తుందా రాదా అన్నది చూడాలని ఒక పురుగు లోపల తొలుస్తోంది. వెళ్ళింది.

నాగదుర్గ వచ్చింది. పులిహోర పొట్లం తీసుకోకుండా గోడవారన కూర్చుని ఉంది.

హాలు మధ్యన కొత్త నైలాన్ తాడు పరిచారు. అటు కొందరు, ఇటు కొందరు కూర్చున్నారు. ఎవరి జత ఎదురుగా వాళ్ళని కూర్చోమన్నాడు ఉదయ్‌కుమార్. అలవాటైన జత గనక నాగదుర్గ లోవలక్ష్మి ఎదుటికొచ్చి కూర్చుంది. చిక్కిపోయింది పిల్ల. మోచేతి పైన నల్లగా కమిలి ఉంది, అది ఎవరి చేతి గుర్తో అడగక్కర్లేదు. ఆ శుక్రవారం నోరు విప్పి ఉంటే దాని బతుకేమయ్యేదో లోవలక్ష్మికి తెలియక కాదు. అందరికంటే ఎక్కువ ఆవిడకే తెలుసు, ప్రతి ఆదివారమూ విన్నది ఆవిడే.

"నేను దగ్గుతాను, దగ్గగానే ఇద్దరూ ఒకేసారి లేవాలండి!" అన్నాడు ఉదయ్‌కుమార్, నవ్వుతూ. దగ్గు కూడా నేర్చుకున్నాడు.

దగ్గాడు.

హాలంతా లేచింది. నవ్వులు, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవడాలు, తలలు గుద్దుకోవడాలు. నాగదుర్గ అందరికంటే ముందు లేచి తాడు దాటేసింది. దాటి లోవలక్ష్మి పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా" అంది.

లేవాలని లోవలక్ష్మికి ఉంది. లేచి ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలని, నీ తప్పేం లేదే అనాలని ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చేసరికి అది తమ్ముడన్న మాటేనని గుర్తొచ్చింది. కూర్చునే ఉంది. కూర్చోవడం ఇంత తేలికా అనుకుంది. ఆ రోజు వెంకన్న ఎంత పాపం చేశాడో అని ఇన్నాళ్ళూ కుమిలింది. వాడేం చెయ్యలేదు. ఇదిగో, ఇలాగే, లేవలేదంతే.

నాగదుర్గ కాసేపు చూసింది. ఆ తర్వాత తలొంచుకుని, అటు తిరిగి వెళ్ళడానికీ లేక, ఇటు కూర్చోవడానికీ లేక, అలాగే నిలబడి ఉంది.

"లోవలక్ష్మి గారూ, మీరు లేవలేదేంటండి?" అని దూరం నుంచి నవ్వుతూ అడిగాడు ఉదయ్‌కుమార్. ఆవిడ నేల మీది తాడు వైపే చూస్తూ కూర్చుంది.